తిండి అనకండి, సంస్కృతి అనండి

వియన్నా వెళ్లి సాకర్ టోర్టె తినకపోతే వెళ్లినట్టే కాదట. బ్రసెల్స్‌లో చాక్లెట్ పెట్టె కొనకుండా తిరిగొస్తే విమానం టికెట్టు డబ్బులు దండగట. పారిస్‌లో పొద్దున్నే క్రోసాన్ కొరకనివాళ్లకు ఈఫిల్ టవర్‌కేసి తలెత్తి చూసే యోగ్యతే లేదట. ఏ దేశపు వీసా కాగితాల్లోనూ ఈ షరతులు కనిపించవు. అయినా యూరప్ వెళ్లొచ్చిన ప్రతి తెలుగు కుటుంబమూ వెళ్లబోయే కుటుంబానికి వీటిని కంఠతా అప్పజెబుతుంది. మ్యూజియం పేరు మర్చిపోవచ్చు, అందులో బొమ్మకెక్కిన రాజుగారి పేరూ మర్చిపోవచ్చు. కేకు కొట్టు ఏ సందులో ఉందో, ఎన్ని గంటలకు వెళ్తే క్యూ తక్కువో మాత్రం ఎవరూ మర్చిపోరు.

ఈ యాత్రల్లో భోజనాల ఏర్పాటు చూసి తీరాల్సిందే. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో బయల్దేరే గ్రూప్ టూర్ల కరపత్రాల్లో "రెండు పూటలా ఇండియన్ భోజనం" అన్న హామీ లేకపోతే ఒక్క సీటూ నిండదు. మధ్యాహ్నం లూసర్న్‌లో పప్పు, ఆలూ కూర, పుల్కా. రాత్రి ఇన్స్‌బ్రుక్‌లో అదే పప్పు, అదే ఆలూ, కాస్త చల్లారిన పుల్కా. నోరు చప్పబడిపోకుండా సూట్‌కేసులో గోంగూర పచ్చడి, కందిపొడి, చిన్న రైస్ కుక్కరు. ఆస్ట్రియావాళ్లు రోజూ తినే నల్లటి రై రొట్టె, జర్మన్ల పులిసిన క్యాబేజీ, డచ్చివాళ్ల పచ్చి ఉప్పుచేప, వీటిలో దేన్నీ మనవాళ్లు వేలితో కూడా ముట్టరు. ముట్టమని ఎవరూ బలవంతపెట్టక్కర్లేదు. కానీ భోజనాల బల్లమీంచి లేచి నాలుగడుగులు వేశాక, అద్దాల బీరువాలో క్రీము పూసుకున్న పేస్ట్రీ కనిపించగానే "ఇక్కడి సంస్కృతిని రుచి చూడాలి కదండీ" అన్న మాట వినిపిస్తుంది. రోజంతా నిద్రపోయిన సంస్కృతికి సరిగ్గా డెజర్టు వేళకే మెలకువ వస్తుంది.

తీపి తినడం నేరమేమీ కాదు. నోరూరింది, తిన్నాం అంటే అడిగేవాడెవడు? ఆ ఒక్క మాట అనడానికే మొహమాటం. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్న పెద్దమనిషి వారసులు కదా! అందుకని సాకులు వెతుకుతారు. వాటిలో ఎక్కువ బలమున్నది "అసలైనది అక్కడే దొరుకుతుంది" అనేది. మన ఊళ్లో దొరికేది నకలు, అక్కడ దొరికేది అసలు, కాబట్టి అక్కడ తింటే అది తిండి కాదు, చదువు. ఈ చదువు సంగతేమిటో కాస్త విప్పి చూస్తే నవ్వుకోవడానికి చాలా సరుకుంది.

వియన్నాతోనే మొదలుపెట్టవచ్చు. ఒపేరా హౌస్ వెనకాల సాకర్ హోటలు ముందు ఎండాకాలమైనా మంచుకాలమైనా జనం బారులు తీరి ఉంటారు. ఆ బారులో నిలబడి గైడ్లు చెప్పే కథ ఇది: 1832లో మెటర్నిక్ అనే మహామంత్రి విందు ఇస్తూ కొత్తరకం మిఠాయి కావాలన్నాడు. పెద్ద వంటవాడికి జబ్బు చేసింది. పదహారేళ్ల శిష్యుడు ఫ్రాంజ్ సాకర్ చాక్లెట్ కేకు చేసి, ఆప్రికాట్ జామ్ రాసి, పైన నిగనిగలాడే చాక్లెట్ పూత పోశాడు. అదే ఈ కేకు. గైడు ఇక్కడ ఆపేస్తాడు. మిగతా సగం చెబితే బారు రెండుగా చీలిపోయే ప్రమాదం ఉంది మరి.

ఫ్రాంజ్ కొడుకు ఎడ్వర్డ్ పని నేర్చుకున్నది డేమెల్ అనే మిఠాయి దుకాణంలో. ఇప్పటి కేకు రూపం కుదిరింది అక్కడే అంటారు. తర్వాత 1876లో అతను సొంత హోటలు పెట్టాడు. అతని భార్య అన్నా సాకర్ ఆ హోటలును వియన్నాలో పెద్దవాళ్లంతా చేరే చోటుగా నిలబెట్టింది. ఆమె 1930లో పోయింది. 1934లో హోటలు దివాలా తీసింది. వారసుడు కేకు హక్కులు పట్టుకెళ్లి డేమెల్ వాళ్ల చేతిలో పెట్టాడు. హోటలు కొన్న కొత్త యజమానులు ఊరుకుంటారా? 1938లో వాళ్లూ తమదే "ఒరిజినల్" అని బోర్డు కట్టారు. యుద్ధం వచ్చి తగువు ఆగింది గానీ, ఆ తర్వాత 1954లో కోర్టుకెక్కి 1963 దాకా నడిచింది. రెండో ప్రపంచ యుద్ధానికి ఆరేళ్లు సరిపోయాయి, కేకు యుద్ధానికి తొమ్మిదేళ్లు పట్టింది. న్యాయమూర్తుల ముందు నడిచిన వాదనలేమిటంటే, కేకు మధ్యలో కోసి అక్కడ కూడా జామ్ రాయాలా, పైపూత కిందే రాస్తే చాలా? వెన్న వాడాలా, మార్జరిన్ వాడినా కేకు కేకేనా?

సాక్షి కూడా ఉన్నాడు. రెండు చోట్లా పాత ఖాతాదారైన రచయిత ఫ్రీడ్రిక్ టోర్బెర్గ్ బోనెక్కి, అన్నా సాకర్ బతికున్నంత కాలం ఆ కేకును మధ్యకు కోసి జామ్ రాయడం తను ఎరగనని సాక్ష్యం చెప్పాడు. చివరికి కోర్టు బయట రాజీ కుదిరింది. మధ్యలో జామ్ పెట్టే హోటలుకు "ఒరిజినల్" బిరుదు, గుండ్రటి ముద్ర. జామ్‌ను పైపూత కిందే ఉంచే డేమెల్‌కు త్రికోణం ముద్ర, దానిమీద ఎడ్వర్డ్ సాకర్ పేరు. అంటే సాక్షి మాట నమ్మితే, పాతకాలపు పద్ధతికి దగ్గరగా ఉన్నది బిరుదు లేనిదే! ఇప్పుడు మన యాత్రికుడు మొదటిది తిని "ఒరిజినల్ తిన్నాను" అని ఫోటో పెడుతున్నాడంటే అతను తిన్నది కేకును కాదు, వకీళ్ల రాజీ పత్రాన్ని.

పోనీ రెండోదే పాతదని డేమెల్‌కు పరుగెత్తినా, అక్కడి చరిత్ర మరీ తమాషా. హాబ్స్‌బర్గ్ చక్రవర్తుల కోటకు మిఠాయిలు పంపిన దుకాణం అది, నిజమే. దాన్ని 1972లో ఊడో ప్రోక్ష్ అనే ఆయన కొన్నాడు. ఇన్సూరెన్స్ డబ్బు కోసం ఓడను పేల్చించి ఆరుగురి చావుకు కారణమైన నేరం మీద తర్వాత ఆయనకు యావజ్జీవ శిక్ష పడింది. ఆస్ట్రియా రాజకీయాలను కుదిపేసిన ఆ లూకోనా ఓడ కేసు గురించి కేకు పెట్టెమీద ఒక్క ముక్కా రాయరు. ఇప్పుడా దుకాణం డో అండ్ కో అనే కంపెనీది. ఆ కంపెనీ ప్రధాన వ్యాపారాల్లో ఒకటి విమానాల్లో ప్రయాణికులకు భోజనాలు సరఫరా చేయడం. విమానం ట్రేలో వచ్చిన కేకు ముక్కను "ఇది కూడా ఒక కేకేనా" అని పక్కకు నెట్టిన పెద్దమనిషి, దిగాక విమాన భోజనాల కంపెనీవారి దుకాణంలోనే గంటసేపు నిలబడి, చక్రవర్తి తిన్న రుచి ఇదే కాబోలని కళ్లు మూసుకుంటాడు.

అంత శ్రమపడి తిన్న ముక్క రుచి ఎలా ఉందని అడిగితే కొంచెం తటపటాయింపు. పొడిపొడిగా ఉంటుంది. అందుకే పక్కన చక్కెర వేయని గిలక్కొట్టిన మీగడ పెడతారు. "కొంచెం డ్రైగా ఉంది గానీ, అథెంటిక్" అనేది మనవాళ్ల తీర్పు. ఇంట్లో భార్య చేసిన కేకు డ్రైగా ఉంటే ఇదే పెద్దమనిషి ఏమంటాడో ఊహించుకోవచ్చు.

పారిస్‌లో క్రోసాన్ ఫ్రెంచివాళ్ల ఆత్మ అని చెబుతారు. ఆత్మ వియన్నా నుంచి దిగుమతి అయింది. ఆగస్ట్ జాంగ్ అనే ఆస్ట్రియన్ 1830ల చివర్లో పారిస్‌లో వియన్నా బేకరీ పెట్టి, నెలవంక ఆకారపు కిప్ఫెల్ రొట్టెను ఆ ఊరికి అలవాటు చేశాడు. ఫ్రెంచివాళ్లు దానికి వెన్న పొరల మడతలు తర్వాత నేర్పారు. జాంగ్ మాత్రం డబ్బు చేసుకుని వియన్నా వెళ్లిపోయి, 1848లో "డీ ప్రెస్సె" పత్రిక పెట్టాడు. టర్కీ సైన్యాన్ని ఓడించిన గుర్తుగా 1683లో నెలవంక రొట్టె పుట్టిందనీ, మరీ ఆంటోనెట్ రాణి దాన్ని ఫ్రాన్సుకు తెచ్చిందనీ చెప్పే కథలు తర్వాతి కాలం వాళ్లు అల్లినవి. టూరిస్టు బస్సులో మైకు పట్టుకున్నవాళ్లకు మాత్రం ఆ కథలే ఇష్టం.

ఇంకో సంగతి. ఫ్రాన్సులో 1998 నాటి చట్టం ప్రకారం పిండి కలపడం నుంచి కాల్చడం దాకా అక్కడే చేసే కొట్టు మాత్రమే "బూలాంజెరీ" అని బోర్డు పెట్టుకోవాలి. ఎంత నిక్కచ్చి చట్టమో! కానీ అది రొట్టెకే. క్రోసాన్ ఫ్యాక్టరీ నుంచి గడ్డకట్టి వచ్చినా చట్టానికి పట్టదు. ఓవెన్లో పెట్టి పొంగించి, కమ్మటి వాసన వీధిలోకి వదిలితే చాలు. ఆ వాసన పట్టుకుని మన గ్రూపు మొత్తం లోపలికి నడుస్తుంది. కొట్టు వెనకాల ఫ్రీజర్ తలుపు తీసి చూపించే టూరు ప్యాకేజీ ఇంతవరకు ఎవరూ అమ్మడం లేదు.

బెల్జియం దగ్గర కాసేపు ఆగాలి, ఎందుకంటే అక్కడ భక్తి మరీ ముదిరింది. బ్రసెల్స్‌లోని గాజు కప్పు గ్యాలరీలో నాయ్‌హౌస్ దుకాణం 1857 నాటిది. మొదట్లో అది మందుల కొట్టుగా కూడా నడిచింది. లోపల మెత్తటి నింపుడుతో ఉండే ప్రలీన్ చాక్లెట్‌ను ఆ వంశంలోని మనవడే 1912లో తయారుచేశాడు. ఇంతవరకు గౌరవం చెల్లించాల్సిందే. ఆ తర్వాత "బెల్జియన్" అన్న మాట వెంట పడి వెళ్తే దారి ఎక్కడెక్కడికో పోతుంది. గోడైవా పుట్టింది బ్రసెల్స్‌లోనే. 1960లలో దాన్ని అమెరికాలో సూపు డబ్బాలు చేసే క్యాంప్‌బెల్ కంపెనీ కొంది. 2007లో టర్కీ బిస్కెట్ల కంపెనీ యిల్దిజ్ దాన్ని కొనేసింది. సముద్రపు గవ్వల ఆకారంలో ఉండే గైలియన్ పెట్టెల మీద బెల్జియం అని బంగారు అక్షరాల్లో ఉంటుంది, యాజమాన్యం 2008 నుంచి కొరియా లోట్టె కంపెనీది. కోట్ డోర్ అమెరికా మాండెలీజ్ చేతిలో ఉంది. లియోనిడాస్ పెట్టినాయన గ్రీకువాడు, అదీ అమెరికా మీదుగా వచ్చినవాడు. కోకో గింజ ఎలాగూ బెల్జియంలో మొలవదు. అందుకే 2007లో అక్కడి తయారీదార్లు కలిసి, కలపడం, నూరడం, గంటల తరబడి కలియదిప్పడం బెల్జియంలో జరిగితే చాలు, అది బెల్జియన్ చాక్లెట్టేనని తమకు తామే ఒక నియమావళి రాసుకున్నారు.

ఇదంతా తెలియక కాదు, తెలుసుకోవాలని లేక. గ్రాన్ ప్లాస్ పక్క సందుల్లో వాఫుల్ మీద ఇటలీవారి న్యూటెల్లా పోయించుకుని, స్ట్రాబెర్రీలు పేర్పించుకుని, దాన్ని మూత్రం పోసే బుల్లోడి విగ్రహం ముందు ఎత్తి పట్టుకుని ఫోటో దిగుతారు. ఆ విగ్రహం కూడా నకలే. అసలుది దొంగల భయంతో ఎప్పుడో మ్యూజియంలో పెట్టేశారు. ఇటలీ పూత పూసిన వాఫుల్, నకలు బుల్లోడు, ఒకే ఫోటోలో. కింద క్యాప్షన్: రియల్ బెల్జియం.

ఆంట్వెర్ప్‌లో చెయ్యి ఆకారంలో చాక్లెట్లు, బిస్కెట్లు అమ్ముతారు. నది దాటేవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసి, ఇవ్వనివాళ్ల చేతులు నరికే రాక్షసుణ్ణి ఒక వీరుడు చంపి, వాడి చెయ్యే నరికి నదిలో విసిరాడని ఊరి కథ. చాక్లెట్లకు ఆ ఆకారం అందులోంచే వచ్చింది. గైడు ఈ కథ హుషారుగా చెబుతాడు. ఇదే దేశపు రాజు రెండో లియొపోల్డ్ 1885 నుంచి 1908 దాకా కాంగోను సొంత ఆస్తిగా ఏలినప్పుడు, రబ్బరు దోపిడీలో భాగంగా అక్కడ నిజం మనుషుల చేతులు నరికారనీ, ఆ ఫోటోలు ప్రపంచాన్ని కలవరపెట్టాయనీ ఆ దుకాణం ముందు ఎవరూ చెప్పరు. రాక్షసుడి చెయ్యి రుచి చూడ్డానికి బాగానే ఉంటుంది. రాజుగారి చేతల సంగతి నోటికి పట్టదు. సంస్కృతిని రుచి చూస్తున్నామనేవాళ్లు పళ్లెంలో సగమే పెట్టించుకుంటారన్నమాట.

స్విట్జర్లాండ్ సరే, మంచు చూడ్డానికి వెళ్లేది. 3,454 మీటర్ల ఎత్తున యుంగ్‌ఫ్రౌ శిఖరాల మధ్య రైలు దిగితే అక్కడ కూడా లిండ్ట్ చాక్లెట్ దుకాణం ఉంది. హిమానీనదం వైపు రెండు నిమిషాలు, చాక్లెట్ వైపు ఇరవై నిమిషాలు కేటాయించేవాళ్లను అక్కడ రోజూ చూడవచ్చు. జ్యూరిక్ దగ్గర కిల్ఖ్‌బెర్గ్‌లో అదే కంపెనీ 2020లో తెరిచిన మ్యూజియంలో తొమ్మిది మీటర్లకు పైగా ఎత్తున్న చాక్లెట్ ఫౌంటెన్ ఉంది. దాని చుట్టూ తిరిగేవాళ్ల ముఖాల్లోని తన్మయత్వం తిరుమలలో కూడా కనిపించదు. పైగా అక్కడ తోసేవాళ్లుండరు. ఇదే కంపెనీ చాక్లెట్లలో సీసం, కాడ్మియం ఉన్నాయంటూ అమెరికాలో వినియోగదార్లు దావా వేస్తే, అట్టమీద రాసుకున్న "అత్యుత్తమ దినుసులతో నిపుణులు చేసినది" వంటి మాటలు వ్యాపారంలో మామూలుగా చేసుకునే పొగడ్తలే తప్ప, వాటిని పట్టుకుని నిలదీయకూడదని కంపెనీ వకీళ్లు వాదించారు. 2024లో న్యాయమూర్తి ఆ వాదనతో కేసు కొట్టేయడానికి ఒప్పుకోలేదు. కంపెనీవాళ్లే నమ్మనక్కర్లేదన్న అట్టమీది మాటను మనవాళ్లు వాట్సాప్ స్టేటస్‌లో పెట్టుకుంటారు.

అందరి కంటే పాపం టోబ్లరోన్‌ది. బెర్న్‌లో 1908లో పుట్టిన ఈ త్రికోణం చాక్లెట్ అట్టమీద మాటర్‌హార్న్ శిఖరం ఉండేది. 2017లో స్విస్ చట్టం కొత్తగా అమల్లోకొచ్చి, స్విస్ గుర్తులు వాడాలంటే పాలు పూర్తిగా స్విస్ ఆవులవే కావాలి, ముడిసరుకుల్లో అధిక భాగం అక్కడివే కావాలి అంది. కోకోకు మాత్రం మినహాయింపు, అక్కడ పండదు కాబట్టి. యజమాని అయిన మాండెలీజ్ 2023లో తయారీలో కొంత భాగాన్ని స్లొవేకియాకు మార్చాలనుకుంది. దాంతో మాటర్‌హార్న్ దిగిపోయి, ఏ దేశానికీ చెందని ఒక కొండ అట్టమీదికెక్కింది. డ్యూటీ ఫ్రీలో కేజీ కేజీ కడ్డీలను చంకలో పెట్టుకునేవాళ్లలో ఆ కొండ మారిన సంగతి గమనించినవాళ్లు ఎందరో! ఇదే మాండెలీజ్‌కు తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2016 నుంచి పెద్ద ఫ్యాక్టరీ ఉంది. కొండే కావాలంటే ఏడు కొండలు అక్కడికి దగ్గరే.

ప్రాగ్‌లో కర్రకు చుట్టి కాల్చే ట్రడెల్నిక్ మీద "పాత బొహీమియా సంప్రదాయం" అని రాసి ఉంటుంది. అది స్లొవేకియాలోని స్కలిత్సా ఊరిది, హంగరీలో దానికి చుట్టాలున్నాయి. ప్రాగ్ వీధుల్లో టూరిస్టుల కోసం అది విరివిగా మొదలైంది ఈ శతాబ్దంలోనే. లోపల ఐస్‌క్రీమ్ నింపే సంప్రదాయం సెల్‌ఫోన్ కెమెరా కంటే చిన్నది.

దుబాయి చాక్లెట్‌కు ఆ మాత్రం వయసూ లేదు. 2021లో సారా హమూదా అనే ఆవిడ పిస్తా ముద్దలో వేయించిన సన్న సేమ్యాల్లాంటి కటాయిఫీ కలిపి చాక్లెట్లో పెట్టింది. 2023 చివర్లో ఒక చిన్న వీడియోతో ప్రపంచమంతా వెర్రెక్కింది. ఎంత వెర్రంటే, టర్కీలో చేసి దుబాయి పేరు పెట్టిన చాక్లెట్ అమ్మకూడదని 2025 జనవరిలో జర్మనీలోని కొలోన్ కోర్టు ఆదేశించింది. నాలుగేళ్ల పిల్లకు కులగోత్రాల విచారణ! గల్ఫ్ నుంచి వచ్చే ప్రతి విమానంలోనూ మనవాళ్ల చేతి సంచుల్లో అది దిగుతోంది. పాపం ఆ చాక్లెట్‌కు అసలు నకలు తేడా కోర్టు చెబితే గానీ తెలియదు, తినేవాళ్లకు కోర్టు చెప్పినా తెలియదు.

అసలు నకలు గొడవ అయ్యాక ఆరోగ్యం సాకు వస్తుంది. షుగర్ మాత్ర జేబులో పెట్టుకున్న పెద్దాయన కూడా "ఇవాళ ఇరవై వేల అడుగులు నడిచాం, అంతా కరిగిపోతుంది" అంటూ రెండో పేస్ట్రీకి చెయ్యి చాస్తాడు. ఆ ఇరవై వేల అడుగుల్లో సగం కేకు కొట్టు వెతకడానికి వేసినవే. మీగడతో కలిపి ఒక కేకు ముక్క నాలుగైదు వందల క్యాలరీలు తేలిగ్గా ఇస్తుంది. నింపాదిగా, ఆగి ఆగి, ఫోటోలు దిగుతూ నడిచే గంట నడకలో అందులో సగం ఖర్చయితే గొప్ప.

డార్క్ చాక్లెట్ మరీ మంచిదట, గుండెకు. ఈ నమ్మకానికి పునాది వేసిన పరిశోధనల పురాణం చదివితే కడుపుబ్బ నవ్వవచ్చు. 2012లో ఒక డాక్టరు అమెరికాలోని ప్రసిద్ధ వైద్య పత్రికలో, చాక్లెట్ ఎక్కువ తినే దేశాలకే నోబెల్ బహుమతులు ఎక్కువ వస్తున్నాయని 23 దేశాల లెక్కతో గీత గీసి చూపించాడు. స్విట్జర్లాండ్ మొదటి స్థానం. రాసినది సరదాకే. తాను రోజూ లిండ్ట్ డార్క్ చాక్లెట్ తింటానని స్వప్రయోజనాల వివరణ కింద ఆయనే నమోదు చేశాడు. 2015లో జాన్ బొహానన్ అనే విలేకరి, చాక్లెట్ తింటే బరువు తగ్గుతారని పిడికెడు మంది మీద కావాలని నాసిరకం పరిశోధన చేసి, డబ్బు కట్టి ఒక పత్రికలో అచ్చేయించాడు. నమ్ముతారా లేదా చూద్దామని. జర్మనీలోని పెద్ద పత్రిక మొదలు దేశదేశాల పత్రికలు నమ్మేశాయి. తర్వాత ఆయనే బయటపెట్టాడు, కానీ బరువు తగ్గుతామన్న వార్తకు ఉన్న కాళ్లు సవరణకు ఉండవు. నిజంగా పెద్దగా జరిగిన పరిశోధన 2022లో వెలువడింది. 21 వేల మందికి పైగా వృద్ధులకు కోకో సారం ఉన్న మాత్రలు ఇచ్చి చూశారు. గుండె జబ్బుల మొత్తం సంఖ్య చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు, ఆ జబ్బులతో మరణాలు మాత్రం కొంత తగ్గినట్టు కనిపించింది. మంచో చెడో ఆ ఫలితం మాత్రలది. చక్కెర, మీగడ, హేజల్‌నట్ ముద్ద నింపిన ప్రలీన్‌కు దానితో చుట్టరికం లేదు.

ఇంతకీ మూలం, మూలం అని ఇంత ఆరాటపడేవాళ్లు నిజంగా మూలానికి వెళ్లాలంటే దారి వేరే ఉంది. కోకోను మనుషులు వాడిన అతి పాత ఆనవాళ్లు ఈక్వడార్ అడవుల్లో, శాంటా అనా లా ఫ్లోరిడా అనే చోట దొరికాయి. వాటి వయసు సుమారు 5,300 ఏళ్లు. అంత దూరం కుదరకపోతే ఘానా ఉంది. 1879లో టెట్టే క్వార్షీ అనే కమ్మరి పరాయి దీవి నుంచి కోకో కాయలు తెచ్చి మాంపాంగ్‌లో నాటాడు. ఆ తోట ఇప్పటికీ చూడ్డానికి ఉంది. ఘానా, దాని పక్కనున్న ఐవరీ కోస్ట్ కలిసి ప్రపంచపు కోకోలో సగానికి పైగా పండిస్తున్నాయి. "పది రోజుల్లో ఘానా, ఐవరీ కోస్ట్, రెండు పూటలా ఇండియన్ భోజనం" అని ఏ టూరు కంపెనీ అయినా ప్రకటన వేస్తే ఎందరు బుక్ చేసుకుంటారు?

అక్కడికి వెళ్తే చూడాల్సినవి కొంచెం చేదుగా ఉంటాయి. కోకో తోటల్లో పిల్లల చేత ప్రమాదకరమైన పనులు చేయించడాన్ని 2005 కల్లా అంతం చేస్తామని పెద్ద చాక్లెట్ కంపెనీలు 2001లో అమెరికాలో సంతకాలు పెట్టాయి. గడువు జరిగింది, మళ్లీ జరిగింది. 2020లో షికాగో విశ్వవిద్యాలయానికి చెందిన పరిశోధకులు లెక్కేస్తే ఆ రెండు దేశాల్లో కోకో పనిలో ఉన్న పిల్లలు సుమారు 15.6 లక్షలు. బ్రసెల్స్ దుకాణంలో తెల్ల చేతితొడుగుల అమ్మాయి వెండి పట్టుకారుతో తీసి పెట్టెలో అమర్చే ముక్క వెనకాల ఈ చేతులూ ఉన్నాయి. సంస్కృతి అంటే అది కూడా కదా మరి, అడిగి చూడండి. "టూరుకొచ్చి ఇవన్నీ ఎందుకండీ" అంటారు.

మరీ దూరం వద్దనుకునేవాళ్లకు ఏలూరు జిల్లా ఉంది. దేశంలో కోకో ఎక్కువగా పండించేది ఆంధ్రప్రదేశే. పశ్చిమ గోదావరి, ఏలూరు, కోనసీమ కొబ్బరి తోటల నీడలో కాండానికే అతుక్కుని పసుపుపచ్చ కాయలు వేలాడుతుంటాయి. ప్రపంచ మార్కెట్లో 2024లో ధర ఆకాశానికంటినప్పుడు ఇక్కడా కిలో గింజలు వెయ్యి రూపాయల దరిదాపుల్లోకి పోయాయి. 2025 వచ్చేసరికి సగానికి దిగితే, అంతర్జాతీయ ధర ఇవ్వండని రైతులు రోడ్డెక్కారు. జ్యూరిక్‌లో ఫౌంటెన్ చుట్టూ తిరిగొచ్చిన గోదావరి జిల్లావాసికి సొంతూరి తోటలో కాయ చూపిస్తే "ఇదేం కాయ, బొప్పాయా?" అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. ఆ గింజలతోనే చాక్లెట్ చేసే మనం అనే దుకాణం 2023లో బంజారాహిల్స్‌లో తెరిచారు. 2024లో టైమ్ పత్రిక ప్రపంచంలో చూడదగ్గ చోట్ల జాబితాలో దాన్ని వేసింది. అమెరికా పత్రిక ముద్ర పడ్డాక దాని రుచి ఒక్కసారిగా పెరిగిందని నగరవాసులు గుర్తించారు. ఇప్పుడు బయటి నుంచి వచ్చిన చుట్టాలను అక్కడికి తీసుకెళ్లి "హైదరాబాదు వచ్చి ఇది తినకపోతే" అని మొదలుపెడుతున్నారు. రోగం ఊళ్లోకి దిగింది.

తిరుగు ప్రయాణంలో సూట్‌కేసు తూకం వేసే చోట జరిగే నాటకం వేరు. రైస్ కుక్కరు తీసి చేతిలో పట్టుకుంటారు గానీ చాక్లెట్ పెట్టె ఒక్కటీ తగ్గించరు. ఇంటికొచ్చాక పంపకాలు. ఆడపడుచుకు ప్రలీన్ల పెట్టె, తోటికోడలికి గవ్వల పెట్టె, ఆఫీసులో పై అధికారికి బంగారు కాగితం చుట్టిన ఫెరెరో రోషే, పనిమనిషికి పెట్టెలో మిగిలినవి, ఎదురింటివాళ్లకు కరిగి గడ్డకట్టినవి. ఫెరెరోకు మహారాష్ట్ర బారామతిలో ఫ్యాక్టరీ ఉందని పై అధికారికి తెలుసు. ఆయన కూడా పోయినేడు అవే తెచ్చి ఇదే గుమాస్తాకు ఇచ్చాడు కాబట్టి మాట బయటపెట్టడు.

వచ్చే వేసవి ప్యాకేజీల్లో పోర్చుగల్ కలిపారట. లిస్బన్‌లో బెలేమ్ దుకాణం 1837 నుంచి ఒకే చోట ఉంది. అక్కడి గుడ్డు కస్టర్డ్ పేస్ట్రీ రహస్యం పక్కనున్న జెరోనిమస్ మఠం సన్యాసులదని చెబుతారు. మఠాల్లో బట్టలకు గంజి పెట్టడానికి గుడ్లలోని తెల్లసొన వాడేవారట, మిగిలిన పచ్చసొనలతో మిఠాయిలు చేసుకునేవారట. అంటే ఆ పేస్ట్రీలో పచ్చసొన తప్ప చెప్పుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. శుద్ధ శాకాహార గ్రూపులకు కూడా దాన్ని కార్యక్రమంలో చేర్చారు. గుడ్డు ముట్టనివాళ్లు ఏం చేస్తారని అడిగితే, టూరు మేనేజర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది: "అది గుడ్డు కాదండీ, హెరిటేజ్."